పది నిమిషాల గొప్పలు

మా ఊళ్లో మనిషికి మొహం ఒకటే. నా కంప్యూటర్లో మాత్రం ఒక్కొక్కరివి పదిహేను ఉంటాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నది ఒకటి, తీసినది ఒకటి, దండం పెడుతున్నది ఒకటి, ఎవరూ లేని వైపుకు చెయ్యెత్తి ఊపుతున్నది ఒకటి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని పక్కకు చూస్తున్నది ఒకటి. ఆ ఫోన్లో అవతల మాట్లాడేది ఎవరో ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. పత్తికొండ బస్టాండు దగ్గర నాది ఫ్లెక్సీల షాపు. పెళ్లికి ఫ్లెక్సీ, పుట్టినరోజుకు ఫ్లెక్సీ, చచ్చిపోతే ఫ్లెక్సీ. చచ్చిపోయినాయన ఫ్లెక్సీలో కూడా ఆయన మొహం చిన్నది, నివాళులు అర్పించేవాళ్ల మొహాలు పెద్దవి. "రోంత తెల్లగా చెయ్యి మా," అంటారు. చేస్తాను. నాకేం పోయింది?

నా పేరు శివజ్యోతి. పుట్టింది వేంపల్లె పక్కన, ఇచ్చింది పత్తికొండ పక్కన. మా ఆయన రామాంజికి మూడెకరాల చేను, ఒక బోరు ఉన్నాయి. ఆ బోరు పోసినన్ని నీళ్లకు టమాటా పెడతాడు. పొద్దున నేను షాపుకొస్తే ఆయన చేనికి పోతాడు. మనుషుల మొహాలు చూసి బతికే పని నాది, మొక్కల మొహం చూసి బతికే పని ఆయనది. ఇద్దరిలో అదృష్టం ఆయనదేనని నేను చాలా రోజులు అనుకున్నాను.

టమాటా సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. కోసిన కాయ ఆగదు. ధర ఉన్నా లేకపోయినా తెల్లారేసరికి మార్కెట్లో ఉండాలి. ధర పడిపోయిన రోజున వేలంలో వచ్చేది బాక్సుల బాడుగకు కూడా చాలదు. అట్లాంటప్పుడు సరుకు మార్కెట్టు దాకా పోదు, దారిలోనే రోడ్డు పక్కన పారబోస్తారు. అయితే మా ఊరివాళ్లు మా ఊరి దారిలో పారబోయరు. డోన్ పోయే వైపు ఇంకో ఊరి మలుపు దాకా తీసుకుపోయి అక్కడ పారబోస్తారు. ఆ ఊరివాళ్లు తెచ్చి మా దారిలో పారబోస్తారు. ఏ సరుకు ఎవరిదో కుక్కలకు కూడా తెలుసు. కానీ సొంత ఊళ్లో ఎవరి పరువూ పోలేదు కాబట్టి అందరూ నెమ్మదిగా ఇంటికొచ్చి అన్నం తింటారు. కాయ పోయినందుకు కాదు, కాయ పోయిందని పక్కింటివాడికి తెలిసినందుకు ఏడ్చే మనుషులు వీళ్లు. దానికోసం ఆటోకు డీజిలు కూడా దండగ పెడతారు.

పోయిన కారులో, అంటే పోయిన పంటకు, రామాంజి కూడా అట్లాగే పారబోశాడు. నేను షాపు నుంచి టిఫిను తీసుకుని ఆ మలుపు దగ్గరికే వెళ్లాను. ఆటో వెళ్లిపోయింది. ఆయన ఒక ఖాళీ బాక్సు బోర్లేసుకుని దాని మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. తను పారబోసిన కుప్పలోంచే మంచి కాయ ఒకటి తీసి, భుజం మీది టవలుతో తుడిచి, పక్కన పెడుతున్నాడు. మళ్లీ ఇంకొకటి తుడిచి పెడుతున్నాడు. తుడిచినవి ఏం చేసుకుంటాడు? ఆయనకూ తెలీదు. నా చేతిలో ఫోనుంది, ఒక ఫొటో తీశాను. ఎందుకు తీశానో అప్పుడు నాకు తెలీదు. ఇంటికొచ్చాక ఆయన ఒకే మాట అన్నాడు.

"వచ్చే కారు గూడా ఇట్లే అయితే చేను గుత్తకిచ్చి బెంగుళూరికి పోతా. బేల్దారి పనికైనా పోతా గానీ ఈ పని నాతో గాదు."

అన్నంత పనీ చేసే మనిషి. అందుకే కోల్డ్ రూం మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

కర్నూలులో ఒక సంస్థవాళ్లు సౌరశక్తితో నడిచే కోల్డ్ రూం ఒకటి రైతు సంఘానికి ఇస్తామన్నారు. ఒక లారీ సరుకు పడుతుంది. కాయ పది పన్నెండు రోజులు అట్లాగే ఉంటుంది, ధర లేచేదాకా ఆగొచ్చు. గది ఒకటే, అడిగిన సంఘాలు ఐదు. ఒక్కో సంఘానికి పది నిమిషాలు ఇస్తాం, వచ్చి తెర మీద చూపించి, గది మీకే ఎందుకియ్యాలో చెప్పండి అన్నారు. మా సంఘానికి చైర్మన్ లక్ష్మన్న. వరసకు నాకు మామ అవుతాడు. ఫ్లెక్సీలు చేసేది నేనే కాబట్టి తెర మీద వేసేది కూడా నేనే చేస్తానని ఆయన లెక్క. ఆ లెక్క ఒక్కటే ఆయన జీవితంలో సరిగ్గా వేసింది.

నేను ఆ పని ప్రాణం పెట్టి చేశాను. ఫ్లెక్సీ చూసేవాడు బండి మీద పోతూ చూస్తాడు, చదవడు. ఇక్కడ నలుగురు మనుషులు కూర్చుని చూస్తారు, తర్వాత బయటికెళ్లి టీ తాగుతారు. టీ తాగేటప్పుడు వాళ్ల నోట్లో మన మాట ఒకటి మిగలాలి. ఆ ఒక్క మాట ఏదో ముందు తేల్చుకోవాలి, మిగిలినవన్నీ దానికి ఊడిగం చెయ్యాలి, చెయ్యనిదాన్ని తీసి పారెయ్యాలి. నాకు తేలిన మాట ఒకటే: కాయ ఆగదు, మేం ఆపలేం. మొదటి స్లైడులో అదే రాశాను, పెద్ద అక్షరాలతో, వెనక ఏ పువ్వూ ఏ సూర్యుడూ లేకుండా. రెండో దాంట్లో రామాంజి ఫొటో పెట్టాను. తల వంచుకుని ఉన్నాడు కాబట్టి మొహం కనపడదు. టవలు, చెయ్యి, కాయ, వెనక ఎర్రటి కుప్ప, ఒక మూల రోడ్డు పక్కన రాయి, అంతే. ఆ తర్వాత గది ఎక్కడ పెడతాం, స్థలం ఎవరిది, ఎవరు చూసుకుంటారు, ముందు ఎవరి సరుకు పెట్టుకోనిస్తాం. అంతా కలిపి ఆరు స్లైడులు. అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. నా మీద నాకే ముచ్చటేసింది.

చూడ్డానికి లక్ష్మన్న మామ షాపుకొచ్చాడు. ఆయన వెంట రాఘవేంద్రప్రసాద్ వచ్చాడు. పత్తికొండలో వాళ్ల నాయనది ఎరువుల దుకాణం, పిల్లోడు బెంగుళూరులో ఎంబీయే చదివి వచ్చాడు. సంఘానికి సలహాదారు. ఆ అబ్బాయి ఇచ్చిన సలహాతో ఇంతవరకు ఒక్క మొక్క కూడా పూత పుయ్యలేదు, కానీ షూ వేసుకుని చేన్లోకి దిగిన ఫొటోలు మాత్రం నా దగ్గర బోలెడున్నాయి.

లక్ష్మన్న మామ మొదటి స్లైడు చూశాడు, రెండోది చూశాడు, మూడోదానికి రానివ్వలేదు.

"ఇదేం మా, ఇట్ల చేసినావు? సావింటికి పోయినట్టుండాది."

"మామా, మనం అడగను పోతాండాము. అడిగేటప్పుడు మనకేం లేదో చెప్పల్ల గదా."

"లేదని చెప్పేదేంటికి? లేనోనికి ఎవడిస్తాడు? బ్యాంకోళ్లను చూడు, ఉన్నోనికే పిలిచి ఇస్తారు. లేదంటే కుచ్చోమని గూడా అనరు."

"వాండ్లు బ్యాంకోళ్లు కాదు మామా."

"దుడ్లున్నోళ్లంతా ఒకటే."

రాఘవేంద్రప్రసాద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అక్కా, స్టోరీ పాజిటివ్‌గా ఉండల్ల. నెగటివ్ చూపిస్తే కాన్ఫిడెన్స్ పోతాది. ఫస్ట్ విజన్, తర్వాత మిషన్, తర్వాత టీం. ఈ ఫొటో అస్సలు వద్దు. చూసేవాళ్లకు మూడ్ ఖరాబైతాది."

"మూడ్ ఖరాబు కావల్లనే పెట్టినా."

వాడు నవ్వాడు. నాకు ఏమీ తెలీదని తెలిసినవాళ్లు నవ్వే నవ్వు అది. బెంగుళూరులో ఫీజు కట్టి నేర్చుకున్నట్టున్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు పని. సంఘంలో డైరెక్టర్లు పదకొండు మంది. అందరి మొహాలూ స్లైడులో ఉండాలన్నారు. ఒక్క స్లైడులో పదకొండు మొహాలు పెట్టి చూపిస్తే, మొహాలు చిన్నవయ్యాయని ఓబుళేశు అనే డైరెక్టరు షాపు ముందు బండి ఆపి దిగకుండానే అలిగాడు. సరే, నాలుగు స్లైడులు చేశాను. అప్పుడు చైర్మన్ మొహం, డైరెక్టరు మొహం ఒకే కొలతలో ఉన్నాయని లక్ష్మన్న మామ అలిగాడు. ఆయనకు విడిగా ఒకటి. సంఘం ఆఫీసుకు రిబ్బను కత్తిరించిన ఫొటో ఒకటి. ఆ కత్తెర పెట్టిన పళ్లెం పట్టుకున్నాయన ఫోను చేసి, పళ్లెం కనపడింది గానీ నేను కనపడలేదన్నాడు. ఆయన కనపడేట్టు ఇంకొకటి. ఇదంతా పది నిమిషాల పని కోసం! కర్నూలులో కూర్చున్న ఆ నలుగురికి వీళ్లు అల్లుళ్లా ఏమన్నా? ఇన్ని మొహాలు చూసి వాళ్లేం చేసుకుంటారు? ఒక్కరికి కూడా ఆ ప్రశ్న రాలేదు. ఫ్లెక్సీ తప్ప ఇంకో వస్తువును చూడని కళ్లు. ఆ కళ్లకు తెర కూడా ఫ్లెక్సీయే, నడిచే ఫ్లెక్సీ.

నా ఆరు స్లైడుల్లో మిగిలింది స్థలం ఎక్కడో చెప్పేది ఒక్కటే. మిగతాదంతా రాఘవేంద్రప్రసాద్ చెప్పినట్టు బాణాలు, గుండ్రాలు, పైకి పోయే గీతలు. ఆ గీతలు దేన్ని చూపిస్తున్నాయో అడిగితే, "గ్రోత్ అక్కా," అన్నాడు. దేని గ్రోత్ అంటే మళ్లీ అదే నవ్వు.

అన్నిటికన్నా ముచ్చటైనది ఇంకొకటుంది. ఆదర్శ రైతు అని ఒక స్లైడు ఉండాలన్నారు. దానికి లక్ష్మన్న మామ ఎంచుకున్నది ఎవరినో కాదు, మా రామాంజిని. చూడ్డానికి బాగుంటాడు, మీసం ఉంది, ఫొటోకు కోడలు డబ్బులడగదు. రామాంజి ఆ మాట విని మంగలి షాపుకు వెళ్లాడు. పెళ్లి తర్వాత ఆయన అంత శ్రద్ధగా గడ్డం గీయించుకోవడం నేను చూడలేదు. కొత్త తెల్ల చొక్కా వేసుకుని, ఏరి పెట్టిన కాయల ట్రే చేతుల్లో పట్టుకుని చేన్లో నిలబడ్డాడు. నేనే తీశాను ఆ ఫొటో. నా మొగుణ్ణి నేనే తెల్లగా చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో రొట్టె తింటూ ఆయనే మాటెత్తాడు.

"ఆ మలుపుకాడి ఫొటో పెట్టినావంటనే?"

"పెట్టినా. మామ తీసేయమన్నాడు."

"తీసినావా?"

"తీసినాలే. అయినా అందులో నీ మొహం యాడ కనపడతాది? తల వంచుకొని ఉండావు."

"నాకు కనపడతాది."

నాకు చిర్రెత్తింది. "కోల్డ్ రూం రాకుంటే బెంగుళూరికి పోతా అంటివే. ఆడ ఇసుక మొయ్యొచ్చు గానీ, ఈడ ఒక ఫొటో చూపించగూడదా?"

"బెంగుళూరులో నన్నెవరు చూస్తారు? ఈడ అందరూ చూస్తారు."

ఆ మాటకు ఏడవాలో నవ్వాలో నాకు తెలీలేదు. భూమి పోయినా ఫర్వాలేదు, భూమి పోతున్నట్టు కనపడకూడదు. లక్ష్మన్న మామ అట్లాంటివాడని నవ్వుకున్నాను, ఓబుళేశు అట్లాంటివాడని నవ్వుకున్నాను. నా పక్కన కూర్చుని రొట్టె తుంచుకుంటున్న మనిషి కూడా ఆ గంపలో కాయే. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. ఈ మనిషిని ఎట్లాగైనా ఊళ్లో నిలబెట్టుకోవాలి, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అనుకున్నాను.

కర్నూలు పోయే రోజు మావాళ్లు మూడు కార్లు మాట్లాడారు. కోల్డ్ రూం కట్టుకునే తాహతు లేదని చెప్పుకోడానికి పోతూ అద్దాలకు నల్ల కాగితం అంటించిన తెల్ల కార్లు మూడు! అందరూ ఖద్దరు చొక్కాలు, చేతికి గడియారాలు. లక్ష్మన్న మామ మెళ్లో గొలుసు చొక్కా పైకి తీసి వేసుకున్నాడు, కనపడదేమోనని. పెళ్లిచూపులకు పోతున్న పెళ్లికొడుకుల్లాగా ఉన్నారు అందరూ, ఆ వయసుల్లో. నేను వెనక సీట్లో కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముందు సీటులో రామాంజి నిద్రపోయాడు. కోడుమూరు దాటాక నేను ఫైలు తెరిచి చిట్టచివర ఆ మలుపు ఫొటో పెట్టేశాను. ముందు పెడితే ఆపిస్తారు, చివర పెడితే ఆపేలోపు చూపించొచ్చు. స్లైడులు మార్చే మీట నా చేతిలోనే ఉంటుంది గదా.

హాల్లో మాకన్నా ముందు హంపమ్మ సంఘం వంతు వచ్చింది. మా రోడ్డులోనే డోన్ వైపు ఊరు వాళ్లది, అందరూ ఆడవాళ్లే. వాళ్లదేమీ గొప్పగా లేదు. ఒక స్లైడులో అక్షరాలు తెర కిందికి జారిపోయాయి. ఇంకొకటి రెండుసార్లు వచ్చింది. చెప్పేటప్పుడు హంపమ్మ గొంతు ఎండిపోయి మధ్యలో నీళ్లు తాగింది. కానీ అడగాల్సింది అడిగింది. "మావి పోతాండాయి సార్, మీ గది ఉంటే పోవు," అని చెప్పి కూర్చుంది. ముందు కూర్చున్న ఆ నలుగురిలో ఒక మేడం ఏదో రాసుకుంది. నా పక్కన లక్ష్మన్న మామ మొహం చిట్లించాడు.

"ఏం మా, పరువు లేకుండా అట్ల అడుక్కుంటాండారే!"

మా వంతు వచ్చింది. రాఘవేంద్రప్రసాద్ కోటు వేసుకుని మైకు పట్టుకున్నాడు. ఆ ఎండలో కోటు! నేను మీట నొక్కుతున్నాను. మా గౌరవనీయ చైర్మన్ శ్రీ లక్ష్మన్న గారు. నొక్కాను. మా గౌరవనీయ డైరెక్టర్లు. నొక్కాను. పేరు చదివిన ప్రతి డైరెక్టరూ లేచి నిలబడి నాలుగు దిక్కులా దండం పెట్టాడు. ఓబుళేశు రెండుసార్లు పెట్టాడు. రిబ్బను, కత్తెర, పళ్లెం. మేడం గడియారం చూసుకుంది. ఆ తర్వాత బాణాలొచ్చాయి, గుండ్రాలొచ్చాయి, గీత పైకి పోయింది. ఏడాది పొడుగునా దిగుబడి అన్నాడు, మా టమాటాకు బయట మంచి డిమాండ్ అన్నాడు. చివరికి ఆదర్శ రైతు వచ్చాడు. తెర నిండా తెల్ల చొక్కా, మీసం, నవ్వు, ట్రేలో ఒక్క మచ్చ లేని కాయలు. వెనక వరసలో రామాంజి లేచి దండం పెట్టాడు. పక్క సంఘంవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. ఒక గంట మోగింది, ఇంక రెండు నిమిషాలే ఉన్నాయని.

మేడం చెయ్యెత్తింది. "చాలా సంతోషం. పంట బాగుంది, అమ్మకం బాగుంది, రైతులు బాగున్నారు. మరి ఈ గది మీకెందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు కోసమే మమ్మల్ని పిలిచారు. రాఘవేంద్రప్రసాద్ మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నెక్స్ట్ లెవెల్‌కు పోడానికి మేడం," అన్నాడు.

ఛీ, అనుకున్నాను. ఇన్నాళ్లు నేను తెల్లగా చేసిన మొహాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మీట నొక్కాను.

తెర మీద ఎర్రటి కుప్ప వచ్చింది. బోర్లేసిన బాక్సు, వంగిన తల, టవలు, టవల్లో కాయ. మేడం కళ్లద్దాలు సరిచేసుకుని ముందుకు వంగింది. ఆమె పక్కనున్నాయన ఫోను పక్కన పెట్టాడు. నేను అద్దం ముందు నిలబడి అనుకున్నట్టే జరుగుతోంది, అచ్చం అట్లాగే.

"ఇదెక్కడిది?" అంది మేడం. "మీ ఊళ్లోదేనా?"

రాఘవేంద్రప్రసాద్ నా వైపు చూశాడు. లక్ష్మన్న మామ వాడి వైపు చూశాడు. డైరెక్టర్లందరూ, పదకొండు తలలూ, మెల్లగా వెనక వరసకు తిరిగాయి. మావాళ్లలో ఆ టవలు గుర్తుపట్టనివాడు లేడు. ప్రతి ఒక్కడూ అదే మలుపులో పారబోసినవాడే. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మాదే మేడం అంటే చాలు. నేను కూడా రామాంజినే చూస్తున్నాను. లే, అనుకున్నాను. లేచి చెప్పు. నువ్వే చెప్పు.

రామాంజి లేచాడు. తెర వైపు చూడలేదు. తెల్ల చొక్కా కిందికి లాక్కున్నాడు.

"మాది కాదు మేడం," అన్నాడు. "మా తట్టు అట్ల పారబోసేది లేదు. యాడిదో అది."

"అవునవును," అన్నాడు లక్ష్మన్న మామ వెంటనే. "నెట్‌లోది మేడం. మా పాప తెలీక పెట్టింది."

మేడం మొహంలో ఏదో సర్దుకుంది. వెనక్కి ఆనుకుని కూర్చుంది. "మీ ఊళ్లో ఇట్లాంటి పరిస్థితి లేదంటే అంతకన్నా కావలసిందేముంది," అని నవ్వింది. రెండో గంట మోగింది.

నేను మైకు లాక్కుని ఆయన నా మొగుడే అని అరవొచ్చు. మీరు అడుగుతారేమో, ఎందుకు అరవలేదని. నిలబెట్టి అబద్ధం ఆడించిన మనిషిని ఆ హాల్లోనే మళ్లీ నిలబెట్టి నిజం ఆడించడానికి నాకు చేతులు రాలేదు. అంత అసహ్యంలోనూ రాలేదు. కంప్యూటరు మూసి తీగ చుట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలప్పుడు చెప్పేశారు. గది హంపమ్మ సంఘానికి వచ్చింది. మావాళ్లు పెద్దగా బాధపడలేదు. లక్ష్మన్న మామ పెరుగన్నం తింటూ, "గది పోతే పోయింది, మన ప్రజెంటేషనే గ్రాండుగా ఉండాది. అందరూ మననే చూస్తాండిరి," అన్నాడు. రాఘవేంద్రప్రసాద్ తనకు మైకు పట్టుకున్న ఫొటో ఎవరైనా తీశారా అని అడుగుతూ తిరిగాడు. వీళ్లందరినీ ఒక బాక్సులో వేసి ఆ మలుపు దగ్గర పారబోసి రావాలనిపించింది నాకు.

బయట గేటు దగ్గర వేప చెట్టు నీడలో నేను ఒక్కదాన్నే నిలబడి ఉంటే హంపమ్మ వచ్చింది. పెద్ద మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో చెప్పులు. హాల్లో విప్పినవి ఇంకా వేసుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, మీటలు నొక్కినది నువ్వే గదా. నాకొక మాట చెప్పు. ఆ కడాకు వచ్చిన ఫొటోలో ఆయప్ప ఎవరు?"

నేను చంకలో కంప్యూటరు సర్దుకున్నాను.

"నెట్‌లోది అనిరి గానీ, ఆ మలుపు మా ఊరికాడిదే. ఆ రాయి నాకు తెల్దా? ఎవరో మన తట్టు మనిషే. ఆ కాయ తుడ్చేది చూసి నాకు అన్నం దిగలేదు మా. ఎవరైనా నీకు తెలిసినోడైతే చెప్పు. మా గదిలో అంత చోటుంటాది. ఈ కారు కాయ తెచ్చి పెట్టుకొమ్మను. బాడుగ గూడా వద్దు. నేను చెప్తాండా గదా, నా మాట మావోళ్లు కాదనరు."

నేను అడగాలనుకున్నది అంతా, ఆరు స్లైడుల్లో చెప్పాలనుకున్నది అంతా, ఆమె చేతిలో పెట్టుకుని నా ముందు నిలబడింది. నేను చెయ్యాల్సింది ఒక్కటే, వేలు చూపించడం. గేటుకు అవతల కుళాయి దగ్గర రామాంజి దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నాడు. తెల్ల చొక్కా తడవకుండా ముందుకు వంగి తాగుతున్నాడు. హంపమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఆమె కళ్లు చెమ్మగా ఉన్నాయి. అయ్యో పాపం అని మా ఇంటి మీద కురవబోతున్న ఆ జాలి చూడగానే నా ఒళ్లు భగ్గుమంది. మేమేం దిక్కులేని వాళ్లమా? మా కాయ ఇంకొకరి గదిలో, ఊరికే, దయ మీద పెట్టుకోవాలా? ఆమె వెళ్లి తన ఊళ్లో ఏమని చెప్పుకుంటుంది?

"నాకు తెలీదక్కా," అన్నాను. "నెట్‌లో దొరికింది."

"తెలీదా?"

"తెలీదు."

ఆమె నా చెయ్యి ఇంకాసేపు పట్టుకుని వదిలేసింది. "యా తల్లి కన్న బిడ్డో," అనుకుంటూ చెప్పులు కింద వేసి కాళ్లు దూర్చుకుని, తమ ఆడవాళ్లు ఎక్కుతున్న ఆటో వైపు వెళ్లిపోయింది. పిలిస్తే వినపడేంత దూరంలోనే చాలాసేపు ఉంది.

రామాంజి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. పొద్దుట్నుంచి ఆయన నాతో మాట్లాడింది అప్పుడే.

"ఏమంటాండాది ఆయమ్మ?"

"ఏం లేదు," అన్నాను. "మన కాయ శానా బాగుండాదంట."

ఆయన తల ఊపాడు. మొహం కాస్త తేటపడింది. ఇద్దరం కారెక్కాం.